గొలుసుకు రెండు కొసలు

మా వీధిలో ఒకావిడ కొడుక్కి ఇంజనీరింగులో సీటు వచ్చింది. ఆవిడ కాగితమూ కలమూ పట్టుకుని మా ఇంటికి వచ్చి, "మీరు ఆ చదువు చదివినవారు గదా, పిల్లవాడికి ఏమేం కొనిపెట్టాలో చెప్పండి, రాసుకుంటాను" అంది. నేను నోరు విప్పేలోగా ఆవిడే అన్నీ చెప్పేసింది. లాప్‌టాపు, సెల్‌ఫోను, వీపుకు తగిలించుకునే సంచీ, నాలుగు జతల జీన్సు పాంట్లు. ఇంక నేను చెప్పవలసిందేముంది? "ఇవి చాలమ్మా" అన్నాను. కాని ఆవిడ గుమ్మం దిగుతూ, "ఏదైనా కొనివ్వగలం గాని, మంచి స్నేహితులు దొరుకుతారో లేదో, అదేనండీ నా బెంగ" అన్నది చూశారూ, ఆ మాట నన్ను పట్టుకుని వదలలేదు. ఇంజనీరింగు కాలేజీలో స్నేహాలు ఎలా కుదురుతాయో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. ఈ వారం ఆ కబుర్లే చెప్పుకుందాం.

నేను చదివింది కాకినాడలో. 1965 లో చేరాను. పి.యు.సి. అయిన తరువాత ఐదేళ్ళ కోర్సు. ఆ కాలేజీ 1946 లో విశాఖపట్నం పేరు మీద పుట్టి, కాకినాడ వచ్చి స్థిరపడింది. అదే యేడు మద్రాసు గిండీలో మొదలైన మరో కాలేజీ 1948 లో అనంతపురం చేరింది. రెండూ 1972 లో జవహర్‌లాల్ నెహ్రూ పేరిట వెలసిన సాంకేతిక విశ్వవిద్యాలయంలో కలిసిపోయాయి. ఇప్పుడంటే ఏ వూరి పొలిమేర చూసినా ఒక ఇంజనీరింగు కాలేజీ బోర్డు కనిపిస్తుంది గాని, మా రోజుల్లో రాష్ట్రం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే వుండేవి. అందుచేత ఎక్కడెక్కడి పిల్లలూ ఒకే చూరు కింద చేరేవారు.

హాస్టలులో ఎవరినీ ఎవరూ పేరుతో పిలిచే ఆచారం లేదు. ఏ జిల్లా నుంచి వస్తే అదే పేరు. మా గదిలో ముగ్గురం. నేను నెల్లూరు. రెండో అతను కర్నూలు. మూడో అతనిది గౌతమీ గోదావరిలో ఒక లంక గ్రామం. జిల్లా పేరు పెట్టి పిలుద్దామంటే అక్కడ సగం మంది తూర్పుగోదావరివాళ్ళే. కనక అతను "లంక" అయినాడు. రామాయణంలో లంకకూ గోదావరిలో లంకకూ వున్న తేడా కర్నూలుకు బోధపడేసరికి ఒక టర్ము గడిచింది. నది మధ్య ఇసుక మేటవేసి, దానిమీద ఒండ్రు పట్టి, మనుషులు ఇళ్ళు కట్టుకుంటే దాన్నే లంక అంటారని బొమ్మ గీసి చెప్పవలసివచ్చింది. "వరదొస్తే ఎట్లప్పా?" అన్నాడు కర్నూలు. "వస్తుంది, పోతుంది" అన్నాడు లంక.

అప్పట్లో కొనవలసిన సామాను వేరు. డ్రాయింగు బల్ల, టీ స్క్వేరు, మూలమట్టాలు, వృత్తలేఖినుల పెట్టె, స్లైడ్ రూలు, క్లార్కుగారి లాగరిథమ్ పుస్తకం, వర్కుషాపుకు ఖాకీ చొక్కా. ఇవన్నీ కొంటే నాన్నగారి జీతంలో పెద్ద ముక్క ఎగిరిపోయేది. అయితే అక్కడొక మంచి ఆచారం వుండేది. చదువు పూర్తిచేసుకుని వెళ్ళే పెద్దవాళ్ళు తమ బల్లా టీ స్క్వేరూ తమ ప్రాంతపు కుర్రవాడికి ఇచ్చి వెళ్ళేవారు. లంకకు దొరికిన టీ స్క్వేరు మీద నలుగురి పొడి అక్షరాలు చాకుతో చెక్కి వుండేవి. అతనివి ఐదోవి. ఆ కొయ్య అంచు ఒక చోట నొక్కుకుపోయి వుండేది. ముందటి యజమానులలో ఎవరో దాంతో క్రికెట్టు ఆడినట్టున్నారు. ఆ నొక్కు దగ్గర గీత తప్పకుండా ఎలా గీసేవాడో గాని, మా తరగతిలో లంక గీసినంత శుభ్రంగా డ్రాయింగు గీసినవాడు లేడు.

అతని షీటు అతని గదిలో వుండేది తక్కువ. కిటికీ అద్దం ఒకటి ఊడదీసి, రెండు కుర్చీల మధ్య పెట్టి, కింద 40 వాట్ల బల్బు వెలిగించి, ఆ అద్దం మీద లంక షీటు పరిచి, దానిమీద తెల్ల షీటు వేసి, కిందనుంచి కనిపించే గీతలమీద పెన్సిలు నడిపించేవారు. ఈ విద్యకు జి.టి. అని పెద్ద పేరు. గ్లాస్ ట్రేసింగు అన్నమాట. ఇది మాస్టర్లకు తెలియదని కుర్రాళ్ళ నమ్మకం. మాస్టర్లు కూడా ఒకప్పుడు కుర్రాళ్ళేనని ఎవరికీ తట్టేది కాదు. షీటు తీసుకున్నవాళ్ళు "రా, కాంటీనులో కాఫీ తాగుదాం" అనేవారు. "నాకు కాఫీ అలవాటు లేదు" అనేవాడు లంక.

ఇక చదువు సంగతి. ఇంజనీరింగు చదువులో ఒక చిత్రం వుంది. కవిత్వం ఒక్కడూ కూర్చుని రాయవచ్చు. లెక్కలు ఒక్కడూ చెయ్యవచ్చు. ఈ చదువులో చాలా పనులు ఒక్కడివల్ల కావు. కమ్మరి కొలిమి దగ్గర ఒకడు ఎర్రగా కాలిన ఇనుమును పటకారుతో పట్టుకోవాలి, మరొకడు సమ్మెట వెయ్యాలి. సమ్మెట వేసేవాడితో ఆ పూట తగువు పెట్టుకోవడం తెలివైన పని కాదు.

అన్నిటికంటె సర్వే. ఈ రోజుల్లో టోటల్ స్టేషను అనే యంత్రం వచ్చింది. మీట నొక్కితే దూరమూ కోణమూ రెండూ అదే చెపుతుంది. మా చేతికి ఇచ్చింది గొలుసు. గంటర్ గొలుసు అయితే 66 అడుగులు, 100 లంకెలు. ఇంజనీరు గొలుసు అయితే 100 అడుగులు. ముందు కొస ఒకడిది, వెనక కొస మరొకడిది. ముందువాడి చేతిలో పది ఇనుప పుల్లలు వుంటాయి, వాటిని బాణాలంటారు. గొలుసు బిగలాగిన చోటల్లా ముందువాడు ఒక బాణం గుచ్చి సాగిపోతాడు, వెనకవాడు దాన్ని పీకి దాచుకుంటూ వస్తాడు. పది బాణాలూ వెనకవాడి చేతికి చేరితే పది గొలుసులు అయినట్టు. అది గంటర్ గొలుసైతే సరిగ్గా ఒక ఫర్లాంగు.

ఇందులో మెలిక ఏమిటంటే, ముందు నడిచేవాడికి తాను వరసలో వున్నాడో లేదో తెలియదు. ఎదట జెండా కర్ర కనిపిస్తూనే వుంటుంది, తిన్నగానే పోతున్నాననుకుంటాడు, కాని పక్కకు ఒరిగిపోతూ వుంటాడు. అది వెనకవాడికి మాత్రమే తెలుస్తుంది. అతను కూర్చుని, ఒక కన్ను మూసి, "కుడికి... ఇంకా కుడికి... చాలు" అని అరవాలి. ముందువాడు మారుమాట్లాడకుండా జరగాలి. హాజరు పట్టీలో లంక పేరు తరువాత నా పేరు. అందుచేత మూడేళ్ళు అతను ముందు కొస, నేను వెనక కొస. ఒకరినొకరం ఎంచుకోలేదు, ఆ పట్టీయే ఎంచింది. ఒకసారి బాణం ఒకటి గడ్డిలో పోయి, "నేను గుచ్చాను" అని అతనూ, "నేను చూడలేదు" అని నేనూ, మిట్టమధ్యాహ్నం 66 అడుగుల తేడా కోసం గంటసేపు వాదించుకున్నాం. చివరకు ఆ బాణం మేకలు కాసే పిల్లవాడి చేతిలో కనిపించింది.

ఇంత దగ్గరగా తిరిగినా లంక సంగతి ఒకటి మాకు చాలాకాలం తెలియలేదు. దాన్ని కనిపెట్టినవాడు కర్నూలు.

మా మెస్సుకు కంట్రాక్టరు లేడు. పిల్లలే నడుపుకునేవారు. నెలకొక మేనేజరు. నెలాఖరున మొత్తం ఖర్చును అందరూ తిన్న పూటలతో భాగిస్తే పూటకింత అని తేలేది. ఎవడు ఎన్ని పూటలు తింటే అంత బిల్లు. రెండు పూటలా తిన్నవాడికి నెలకు 60 రూపాయలనుంచి 70 దాకా వచ్చేది. లంక శనివారం ఒంటిపూట. వెంకటేశ్వరస్వామికి మొక్కు అనేవాడు. సోమవారం శివుడికి. ఏకాదశి సరేసరి. అతనిది భక్తిగల కుటుంబం కాబోలుననుకున్నాం. నాలుగో యేడు ఒక రాత్రి కర్నూలు నన్ను వరండాలోకి పిలిచి, "నెల మొదట్లో ఈయనకు ఏ దేవుడూ గుర్తుకు రాడు. ఇరవయ్యో తేదీ దాటితే దేవుళ్ళందరూ ఒకేసారి వచ్చి పడతారు. ఏందిది నెల్లూరూ?" అన్నాడు.

అప్పుడు తెలిసింది. లంక తండ్రికి కొద్దిగా కొబ్బరిచెట్లు తప్ప మరే ఆధారమూ లేదు. ఆయన పంపే మనియార్డరు ఇరవయ్యో తేదీకి సరిపోయేది. ఆ పైన దేవుళ్ళు.

డబ్బిస్తే పుచ్చుకునే మనిషి కాదు. కాఫీయే పుచ్చుకోనివాడు! ఏం చెయ్యాలా అని మేమిద్దరం రెండు రోజులు ఆలోచించాం. మేనేజరుగా వున్న నెల ఆ మనిషికి తిండి ఉచితం. అయినా ఆ పనికి ఎవరూ ముందుకు వచ్చేవారు కాదు. తెల్లవారుజామున కూరల మార్కెట్టుకు పోవాలి. వంటాయనతో గొడవపడాలి. చారులో ఉప్పెక్కువైతే అంతమంది చేతా తిట్లు తినాలి. ఆ నెల మీటింగులో "ఈసారి ఎవరు?" అనగానే ఎప్పటిలాగే అందరూ నేల చూపులు చూశారు. కర్నూలు లేచి లంక పేరు చెప్పాడు. గదికి వచ్చాక, "నాకెందుకురా ఈ గొడవ?" అన్నాడు లంక. "నీకోసమెవరు చెప్పిరప్పా? పోయిన నెల బిల్లు చూసినావా? మా నాయన నన్ను చంపుతాడు" అన్నాడు కర్నూలు. వాడికి నటన బాగా వచ్చు.

లంక మేనేజరుగిరీ ఒక ముచ్చట. దేశమంతటా మెట్రిక్ కొలతలు వచ్చి 1962 నాటికే పూర్తిగా అమలైనా, మా వంటాయన వీశె దిగి కిందకు రాలేదు. "బాబుగారూ, కందిపప్పు పది వీశెలు" అనేవాడు. కొట్టువాడు కిలోల్లో తూచేవాడు. వీశె అంటే 120 తులాలు, సుమారు కిలో 400 గ్రాములు. ఈ రెంటి మధ్య పప్పు ఎంతెంత జారిపోతున్నదో లంక మొదటి వారంలోనే పట్టేశాడు. బిల్లు భాగహారం మేము స్లైడ్ రూలు మీద చేద్దామంటే ఒప్పుకునేవాడు కాదు. స్లైడ్ రూలు మూడంకెల దాకానే నమ్మదగింది, నాలుగో అంకె కంటి అంచనా, పైసలు తేలవు. క్లార్కుగారిని ముందు వేసుకుని అర్ధరాత్రిదాకా లెక్కవేసేవాడు. ఆ నెల బిల్లు ఐదు రూపాయలు తగ్గింది.

మరుసటిసారి ఆదివారం నెయ్యి మీద చెయ్యి వేశాడు. గరిటె తీసేసి చెంచా పెట్టాడు. అప్పుడు చూడాలి! హాస్టలులో తిరుగుబాటు. కంచాలు మోగించారు. "మా నెయ్యి మాకు కావాలి" అని వరండాలో ఊరేగింపు తీశారు. దానికి ముందు నడిచినవాడు మా కర్నూలే. స్నేహం స్నేహమే, నెయ్యి నెయ్యే అన్నాడు. గరిటె మళ్ళీ వచ్చింది.

ఇప్పుడు చాలా చోట్ల మెస్సు కంట్రాక్టరుకిచ్చి, డబ్బు ముందే కట్టించుకుంటున్నారు. పిల్లలకు మార్కెట్టు బాధ లేదు, చదువుకోవడానికి సుఖం. ఆడపిల్లలు ఒకరో ఇద్దరో వుండే రోజులు పోయి క్లాసు నిండా కనిపిస్తున్నారు, అదీ మంచిదే. పక్కవాడు పూట మానేస్తే ఆ సంగతి పక్కవాడి లెక్కలో కనిపించడమన్నది మాత్రం ఆ పాత పద్ధతిలోనే వుండేది.

1969 నవంబరు. ఆఖరి సంవత్సరం. దీపావళి రోజులు. దగ్గరి వూళ్ళవాళ్ళు చాలామంది ఇళ్ళకు వెళ్ళిపోయారు. నేనూ కర్నూలూ దూరపువాళ్ళం కనక వుండిపోయాం. లంక ఆ నెల మళ్ళీ మేనేజరు, కనక అతనూ వుండిపోయాడు. రేడియోలో వాయుగుండం అన్నారు. లంక బయటకు వచ్చి కాసేపు ఆకాశం చూసి, గాలి ఎటునుంచి వస్తున్నదో చూసి, లోపలికి పోయి, పెరట్లో వున్న కట్టెలన్నీ భోజనాల హాలులోకి చేరవేయించాడు. రెండు బస్తాల బియ్యం అదనంగా తెప్పించాడు. భోజనాల హాలు కట్టెల అడితి అయిందని అందరూ నవ్వారు.

ఏడో తేదీ శుక్రవారం తుపాను కాకినాడ దగ్గరే తీరం దాటింది. ఆ గాలి సంగతి నేను వర్ణించను. ఆ ప్రాంతపు పెద్దవాళ్ళనడిగితే చెపుతారు. తెల్లవారేసరికి చెట్లు రోడ్లకడ్డంగా పడి వున్నాయి. కరెంటు లేదు. చుట్టుపక్కల పాకల్లో వాళ్ళు పిల్లలతో, తడిసిన మూటలతో హాస్టలు వరండాల్లోకి వచ్చి కూర్చున్నారు. ఊళ్ళో ఎండు కట్టె దొరకని ఆ మూడు రోజులూ మా పొయ్యి ఆరలేదు. లాంతరు పట్టుకుని లంక తనే వడ్డించాడు. వాళ్ళు తిన్న పూటలు కూడా పుస్తకంలో వరసగా రాశాడు. శీర్షిక "తుపాను అతిథులు". నెలాఖరున ఆ ఖర్చు అందరి బిల్లుల్లోనూ పడింది. చెంచాడు నెయ్యికి కంచాలు మోగించినవాళ్ళలో ఒక్కడు కూడా అదేమిటని అడగలేదు.

ఆ మూడు రోజులూ అతను తన వూరి మాట ఎత్తలేదు. లంకకు పడవలు ఆగిపోయాయి. ఉత్తరం లేదు, కబురు లేదు. నాలుగోనాడు ఉదయం గిన్నెలు లెక్కపెట్టి వంటాయనకు అప్పజెప్పి, చొక్కా వేసుకుని, "కోటిపల్లి దాకా వెళ్ళి చూసొస్తాను" అన్నాడు. మేమూ చెప్పులు వేసుకున్నాం.

కాకినాడనుంచి కోటిపల్లికి ఒకప్పుడు రైలుండేది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పట్టాలు పీకేశారు. మళ్ళీ రైలు చూడడానికి ఆ ప్రాంతంవాళ్ళు 2004 దాకా ఆగవలసివచ్చింది. మేము కొంత దూరం లారీలో, కొంత దూరం నడిచీ చేరాం. గోదావరి ఎర్రగా పారుతున్నది. అంత నీరు కర్నూలు జన్మలో చూడలేదు. పడవలో నా భుజం పట్టుకున్నవాడు అవతలి ఒడ్డుదాకా వదలలేదు.

ఇంటి కప్పు లేచిపోయింది. మనుషులందరూ బడి కట్టడంలో క్షేమంగా వున్నారు. లంక తల్లి కొడుకును చూసి ఏమీ అనకుండా పొయ్యి ముట్టించడానికి లేచింది. తండ్రి మమ్మల్ని తోటలోకి తీసుకెళ్ళాడు. చెట్లన్నీ ఒకే వైపుకు తలపెట్టి పడుకుని వున్నాయి. "ఎనభై చెట్లకు పదకొండు మిగిలాయండి" అన్నాడాయన, పంచె అంచుతో మొహం తుడుచుకుంటూ.

ఆ రాత్రి బడి వరండాలో లంక, "నేనిక్కడే వుంటాను నాన్నా. చదువు తరువాత చూసుకోవచ్చు" అన్నాడు. ఆయన కొడుక్కి జవాబు చెప్పలేదు. నా వైపు తిరిగి, "బాబూ, ఇంకెన్నాళ్ళుందండి చదువు?" అని అడిగాడు.

"ఏప్రిల్లో పరీక్షలండి."

"కొబ్బరిమొక్క నాటితే కాపుకొచ్చేసరికి ఆరేడేళ్ళండి. మావోడు పక్కన కూచుంటే అది ఏప్రిల్‌కి కాస్తుందాండి?"

నేనేం చెప్పను? కర్నూలు మాత్రం చీకట్లో, "కాయదండీ" అన్నాడు.

పొద్దున్నే ఆయన పడిపోయిన చెట్లనుంచి ముదురు కాయలు కోయించి మూడు గోనెసంచులకెత్తించాడు. "ఎలాగూ పడ్డాయి. పిల్లలు తింటారు, పట్టుకెళ్ళండి" అన్నాడు. 125 కాయలు. వాటిని పడవకూ, పడవనుంచి ఒడ్డుకూ, ఒడ్డునుంచి లారీకీ ఎక్కించి దింపేసరికి మా వీపులు విరిగాయి.

గొడవ అంతా తిరిగి వచ్చాకే. కర్నూలు ఎంతో తెలివిగా, "కాయలు మెస్సుకే గదా వచ్చినాయి. మార్కెట్టు ధర కట్టి లంక పేర జమ రాసెయ్యి నెల్లూరూ" అన్నాడు. నాకూ న్యాయంగానే తోచింది. నేను పుస్తకం తెరిచేసరికి లంక వచ్చి దాన్ని నా చేతిలోంచి తీసుకుని మూసేశాడు. "మా నాన్న అమ్మడానికి పంపలేదు" అన్నాడు. అంతే. రెండు రోజులు మాతో మాట్లాడలేదు. సర్వే క్లాసులో గొలుసు పట్టుకున్నప్పుడు కూడా నేను "కుడికి" అంటే జరిగేవాడు గాని నోరు విప్పేవాడు కాదు. మూడోనాడు చూస్తే పుస్తకంలో అతని చేవ్రాత: "కొబ్బరికాయలు 125. వెల లేదు."

డిసెంబరు మీటింగులో "ఈసారి మేనేజరెవరు?" అంటే ఎవరూ పలకలేదు. జనవరిలోనూ అంతే. ఫిబ్రవరిలోనూ అంతే. లంక లేచి చుట్టూ చూసి, "మీరంతా కూడబలుక్కున్నారా?" అని అడిగాడు. "తెల్లవారుజామున లేచే ఓపిక ఎవనికుందప్పా?" అన్నాడు కర్నూలు, ఆవలిస్తూ. మార్చి దాకా లంకే మేనేజరు. ఏప్రిల్లో పరీక్షలు రాశాడు, మొదటి తరగతిలో పాసయ్యాడు, నీటిపారుదల శాఖలో చేరి కాలవలకు లాకులు కట్టించాడు.

ఇక ఆ కాయల సంగతి. సంక్రాంతి దాకా మా మెస్సులో రోజూ కొబ్బరి పచ్చడే. పెరుగులో కొబ్బరి, పులుసులో కొబ్బరి, ఆదివారం నెయ్యి గరిటె పక్కన కొబ్బరి. కర్నూలు పండుగకు ఇంటికి వెళితే, వాళ్ళమ్మ ముద్దుగా, "కోస్తావాళ్ళ మాదిరి కొబ్బరి పచ్చడి చేసినా నాయనా" అని కంచంలో వడ్డించిందట. వాడు కంచానికి నమస్కారం పెట్టి లేచి, ఆ రోజు సోమవారమని, శివుడికి ఉపవాసమని చెప్పాడట.